పక్కోడికి చెప్పే మాట మనకు మనం ఎందుకు చెప్పుకోం?

ఇయ్యాల కొంచెం పెద్దగా రాస్తున్నాం, ఓపిక చేసుకొని చదవండి.

మొన్న మా సైటులో కొత్తగా వచ్చిన పిల్లగాడు కాలమ్ స్టీలు కొలత తప్పు పెట్టిండు. ఐదు సెంటీమీటర్లు పక్కకు పోయింది. కాంక్రీటు పోసే ముందు చెకింగులో దొరికింది కాబట్టి సరిపోయింది. కట్టిన రాడ్లు విప్పి మళ్లీ కట్టినం, సగం రోజు పని పోయింది. పిల్లగాడి కండ్లల్ల నీళ్లు. మధ్యాహ్నం రెస్టు టైముల నీడకు కూర్చోబెట్టి, లబన్ ఇచ్చి, "ఏం కాదు తమ్మీ, కొత్తల అందరికీ అయితది. మేం చేసిన తప్పులు చూస్తే నువ్వు నవ్వుతవు" అన్నాం. వాడు తేరుకున్నడు.

అదే రాత్రి రూముల ఇంకో ముచ్చట. మేం ఆరుగురం ఉంటాం. మాలో ఒకాయన తండ్రి చనిపోయి రెండు నెలలైంది. సెలవు దొరకలేదు, పోలేకపోయిండు, వీడియో కాల్‌లనే ఆఖరి చూపు. పై బెడ్డు మీద పడుకొని "నేనేం కొడుకునురా, నా బతుకెందుకు" అని తనలో తానే అనుకుంటున్నడు. మాకు వినపడ్డది. మేం లేచి కూర్చొని చెప్పినం: "అన్నా, ఆయన మందుల ఖర్చు, ఆస్పత్రి ఖర్చు పంపింది ఎవరు? నువ్వు కాదా?" ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత మాకు ఒక సంగతి తట్టింది. ఆయనకు చెప్పిన మేం మాత్రం ఏం తక్కువ? ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టి, అది ఇంకా తీరనోడు "నా అంత తెలివితక్కువోడు లేడు" అనుకుంటడు. బిడ్డ ఫోన్‌ల సరిగ్గా మాట్లాడకపోతే "నేను తండ్రినేనా" అనుకుంటడు. పక్కోడికి అదే కష్టమొస్తే ఆ మాట అంటమా? అనం. పక్కోడికి మజ్జిగ, మనకు మనం కారం. ఇదెక్కడి న్యాయం?

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండల పని చేయించొద్దని రూలు ఉంది. ఒంటికి ఆ రెండున్నర గంటలన్నా దొరుకుతది. మనసుల తిట్లకు మాత్రం రెస్టు లేదు.

కొందరంటరు, "మనల్ని మనం తిట్టుకోకపోతే సోమరులం అయితం" అని. మేం సూపర్‌వైజర్లం, ఇన్నేండ్ల నుంచి చూస్తున్నది చెప్తున్నాం. అరిచే ఫోర్‌మన్ దగ్గర తప్పు జరిగితే కుర్రాళ్లు దాచిపెడతరు. మెల్లగ మాట్లాడేటాయన దగ్గరికి వాళ్లే వచ్చి "అన్నా, ఇది తప్పు పోయింది" అని చెప్తరు. లోపట కూడా అంతే. తనను తాను తిట్టుకునేటోడు అప్పు సంగతి భార్యకు చెప్పడు. ఇంటి ఫోన్ ఎత్తడు. తర్వాత మందు, తర్వాత ఒంటరితనం. అట్ల పోయిన మనోళ్లు మన కండ్ల ముందే ఉన్నరు. వాళ్లను తప్పు చంపలేదు, దాచుకోవడం చంపింది.

మెల్లగ మాట్లాడుకోవడం అంటే తప్పును వదిలేయడం కాదు. ఆ పిల్లగాడి రాడ్లు మళ్లీ కట్టించినం కదా. అట్లనే అప్పు ఎంతుందో కాగితం మీద రాయాలె, ఇంట్ల చెప్పాలె, నెలకు ఎంత కట్టగలమో చూడాలె. తిట్టు లేకుండా కూడా ఇవన్నీ అయితయి. ఇంకా తొందరగా అయితయి.

మా రూముల ఇప్పుడు ఒక అలవాటు పెట్టుకున్నాం. ఎవరన్నా తనను తాను తిట్టుకుంటే "అదే మాట కింది బెడ్డు అన్నను అను చూద్దాం" అంటం. అనలేక నవ్వుతడు. రోజూ పని చేయదు, కానీ చాలా రోజులు చేస్తది.

మీ రూముల ఎవరన్నా ఫోన్ ఎత్తడం మానేస్తే, తినడం తగ్గిస్తే పక్కన కూర్చోండి. యూఏఈల ఉన్నోళ్లకు మన కాన్సులేట్ వాళ్ల సహాయ కేంద్రం నంబరు 800 46342. ఇంటి దగ్గర మనోళ్లకు మనసు బాగలేకపోతే 14416కు ఫోన్ చేయమనండి, పైసలు పడవు, తెలుగుల మాట్లాడతరు.

ఇయ్యాల పడుకునే ముందు, పొద్దంతా ఎండల చేసిన మనిషిని ఒకసారి "అలసిపోయినవ్ తమ్మీ, పండుకో" అని అందాం. ఆ మనిషి మనమే.