ఓడ పేరు సరే, రేవు పేరు చెప్పండి

"షిప్పే డెస్టినేషన్ అంకుల్! పోర్టు ఏదైతే మీకెందుకు?"

ఈమధ్య రాయపూర్ పక్కనున్న మా ఉర్లా ఫ్యాక్టరీల వాడలో మా తెలుగువాళ్ళు కలుసుకున్న ఉగాది విందులో ఒక టూర్ల కుర్రాడు నా ముఖం మీదే అన్న మాట ఇది. చేతిలో పులిహోర ప్లేటు, చుట్టూ ఆడవాళ్ళు, పిల్లలు ఉండటం వల్ల ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

ఆ మాటకి చప్పట్లు కొట్టినవాళ్ళ మీద నాకింకా కోపం. అందరూ లెక్క తెలిసినవాళ్ళే. ఒకాయన రోలింగ్ మిల్లుకి కూలీలను సరఫరా చేసే కాంట్రాక్టరు, ఇంకొకాయన వ్యాగన్ రిపేర్ షాపులో రిటైరయ్యాడు, మరొకాయనవి నాలుగు లారీలు. బిల్లెట్టు టన్నుకి పది రూపాయలు తేడా వస్తే రాత్రంతా ఫోన్లు చేసే మనుషులు. అలాంటివాళ్ళు వేసవి సెలవులకి కుటుంబంతో ఏ కంపెనీ ఓడెక్కాలి, కార్డీలియానా, జెంటింగ్ డ్రీమా, రాయల్ కరీబియనా అని వారం రోజులు వాట్సాప్‌లో కొట్టుకున్నారు. ఈత కొలనులు ఎన్ని, జారుడు బల్లలు ఎన్ని, భోజనశాలలు ఎన్ని అని ఎవరో పట్టిక కూడా వేశారు. ఆ పట్టికలో ఓడ ఎక్కడికి వెళుతుందో చెప్పే గడి లేదు.

వీళ్ళ సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఓడ ఎంత పెద్దదైతే సంసారానికి అంత సుఖం, కంపెనీ పేరు ఎంత మోగితే అంత నమ్మకం. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఉందని ఎవరైనా అంటే వాళ్ళకి ఓడ కంపెనీ కమీషన్ ఇస్తోందని నా అనుమానం.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. మనవాళ్ళు కొత్త పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తున్న కార్డీలియా ఎంప్రెస్ 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టింది. అప్పుడది రాయల్ కరీబియన్ ఓడ. తర్వాత వాళ్ళే ఎంప్రెస్ ఆఫ్ ది సీస్ అన్నారు. 2008లో స్పెయిన్‌కి చెందిన పుల్‌మంతూర్ కంపెనీకి వెళ్ళి ఇంకో రంగు వేసుకుంది. 2016లో మళ్ళీ పాత ఇంటికి వచ్చి పాత పేరు పెట్టుకుంది. కరోనా రోజుల్లో అమ్ముడుపోయి కార్డీలియా అయింది. అంటే "కార్డీలియా మంచిదా, రాయల్ కరీబియన్ మంచిదా" అని మీరు గొంతు చించుకుంటున్నది ఒక కంపెనీ వాడి వదిలేసిన ఓడకీ ఆ కంపెనీ కొత్త ఓడలకీ మధ్య పోటీ గురించి! ఇదే కార్డీలియా ఇప్పుడు నార్వేజియన్ స్కై, నార్వేజియన్ సన్ అనే మరో రెండు పాత ఓడల్ని అద్దెకు తెస్తున్నట్టు ప్రకటించింది. వాటికీ కొత్త పేర్లు పడతాయి. మనవాళ్ళు మళ్ళీ పట్టిక వేస్తారు.

2019 ఏప్రిల్‌లో ముంబైలో కర్ణిక అని ఒక ఓడ వచ్చింది గుర్తుందా? జలేష్ క్రూయిజెస్ వారిది. దేశానికి సొంత క్రూయిజ్ కంపెనీ వచ్చిందని అప్పట్లో పత్రికలు మురిసిపోయాయి. అదీ 1990లో క్రౌన్ ప్రిన్సెస్‌గా పుట్టి అరడజను పేర్లు మార్చుకుని వచ్చిన ఓడే. మరుసటి ఏడాదికే కంపెనీ మూతపడింది, కర్ణిక అలంగ్ తీరంలో తుక్కుకి చేరింది. సింగపూర్ జెంటింగ్ డ్రీమ్ కథ కూడా వినండి. 2016లో డ్రీమ్ క్రూయిజెస్ వారి ఓడగా వచ్చింది. 2022 జనవరిలో దాని మాతృసంస్థ జెంటింగ్ హాంకాంగ్ దివాలా తీసింది. ఆ జూన్‌కల్లా అదే ఓడ రిసార్ట్స్ వరల్డ్ క్రూయిజెస్ అనే కొత్త పేరు కింద సింగపూర్‌లో టికెట్లు అమ్మింది. ఓడ అదే, బోర్డు వేరు.

ఉర్లాలో బతికేవాళ్ళకి ఇది ఒకరు చెప్పాలా? ఫర్నేసుల గేటు దగ్గర తుక్కు లారీ దిగేటప్పుడు చూడండి. పాత రేకు మీద నీలం రంగు పెచ్చు లేస్తే కింద ఆకుపచ్చ, అదీ రాలితే ఎర్ర ప్రైమరు, దాని కింద తుప్పు. మా దగ్గర తుక్కు కొనేవాడు పై రంగు చూసి ధర కట్టడు. సుత్తితో ఒక దెబ్బ వేసి మందం చూస్తాడు. అదే మనిషి సాయంత్రం ఇంటికెళ్ళి భార్యకి ఫోన్‌లో ఓడ ఫొటో చూపించి "బ్రాండు మంచిదే" అంటాడు.

ఆ బ్రాండ్లు కూడా ఎన్ననుకుంటున్నారు? కార్నివాల్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, కోస్టా, క్యూనార్డ్, ఐడా అన్నీ కార్నివాల్ కార్పొరేషన్ అనే ఒక్క గొడుగు కిందివి. సెలెబ్రిటీ, సిల్వర్ సీ రాయల్ కరీబియన్ గ్రూపువి. ఓషియానియా, రీజెంట్ నార్వేజియన్ వారివి. డిస్నీ, ఎమ్మెస్సీ విడిగా ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. అయితే ఏమిటి? డిస్నీ ఓడలో మిక్కీ మౌస్ కనిపిస్తాడు, అంతే కదా.

ఇక "అన్నీ కలిపే రేటు" అనే అబద్ధం. నా అసలు కడుపుమంట ఇక్కడుంది. ప్రకటనలో పెద్దక్షరాల్లో వేసే ధర ఇద్దరు పంచుకునే గదిలో ఒక్క మనిషికి. అదీ కిటికీ లేని లోపలి గదికి. సముద్రం చూడటానికి లక్షలు పోసి నాలుగు గోడల మధ్య పడుకోవడం అన్నమాట. దానిమీద రేవు రుసుము, దానిమీద పన్ను, దానిమీద సిబ్బందికి రోజుకి మనిషికి ఇంతని టిప్పు. మనం సంతోషించి ఇచ్చేది కాదది, వాళ్ళే రాసుకునేది. ఎక్కగానే మెడలో ఒక కార్డు వేస్తారు. గది తాళమూ అదే, పర్సూ అదే. ఎక్కువ ఓడల్లో వైఫై విడిగా, శీతల పానీయం విడిగా, కాస్త మంచి హోటల్ కావాలంటే విడిగా, రేవులో దిగి ఊరు చూపించడం విడిగా. రూపాయి నోటు ఎక్కడా కంటబడదు కాబట్టి ఖర్చు కనబడదు. పిల్లలకి కూడా కార్డు ఉంటుంది, ఆ సంగతి మరచిపోకండి. చివరి రాత్రి తలుపు కింద నుంచి ఒక కాగితం లోపలికి వస్తుంది. మా దూరపు చుట్టం ఒకాయన (ఓడ పేరు ఎందుకులెండి) ఆ కాగితం చదివి తెల్లవార్లూ డెక్కు మీద పచార్లు చేశాడు. వాళ్ళావిడ మాత్రం ఆయన సూర్యోదయం చూడటానికి లేచాడనుకుందట.

ఇంత పోసి కుటుంబం కలిసి ఉంటుందా అంటే అదీ లేదు. ఓడలో పిల్లలకో క్లబ్బు, కుర్రాళ్ళకో డిస్కో, మగాళ్ళకి బారూ క్యాసినో, ఆడవాళ్ళకి దుకాణాలు. మనుషుల్ని వయసు ప్రకారం విడగొట్టి తలా ఒక అంతస్తులో కూర్చోబెట్టడమే అక్కడి ఏర్పాటు, ఎందుకంటే విడివిడిగా ఉన్నప్పుడే విడివిడిగా ఖర్చు పెడతారు. ముసలమ్మకి మాత్రం అంతస్తు లేదు. ఆవిడ గదిలో కూర్చుని, పెట్టెలో తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసా మూత తీసి, దేంతో కలుపుకోవాలో తెలియక మళ్ళీ మూసేస్తుంది. శాకాహారం ఉంది, జైన భోజనం కూడా ఉంది అని ఏజెంటు గొప్పగా చెబుతాడు. గుజరాతీలు నోరు తెరిచి అడిగారు కాబట్టి పెట్టారు. మనవాళ్ళు ఏమడిగారు? ఎన్ని కొలనులున్నాయని అడిగారు.

ఇప్పుడు ఆ కుర్రాడి మహావాక్యానికి వస్తాను. రేవు ఏదైతే నాకెందుకా? 2022 జూన్‌లో ఇదే కార్డీలియా ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై తిప్పుతానని బయల్దేరింది. పుదుచ్చేరిలో క్యాసినో ఓడ వద్దంటూ పార్టీలు గొడవ చేశాయి, ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. టికెట్టు మీద పుదుచ్చేరి ఉంది, ఓడ దాని దగ్గరకీ వచ్చింది, జనం మాత్రం దిగలేకపోయారు. ఓడే గమ్యమైతే వాళ్ళకి ఏ నష్టమూ జరగనట్టే కదా! వెళ్ళి వాళ్ళనే అడగండి, ఏమంటారో. 2025లో ఆ దారి మళ్ళీ తెరిచారు. అదీ వానాకాలంలోనే. అరేబియా సముద్రం ఉడుకుతున్నప్పుడు ముంబై, గోవా తిప్పలేక ఓడని ఇటు తోలుకొస్తారు. మనకి మిగిలేది ఆ నెలలే. వాంతి వచ్చేవాళ్ళకి ఏ కంపెనీ అయినా ఒకటే.

పెద్ద ఓడ అయితే భద్రం కదా, కచ్చులూరు మరిచారా అంటారు. మరవలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగి పదుల మంది పోయారు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో నాలుగు వేల మందికి పైగా ఎక్కిన కోస్టా కంకార్డియా రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. జనం ఇంకా ఓడలో ఉండగానే కెప్టెను దిగిపోయాడు. వరద గోదావరిలోకి పడవ వదిలినవాడూ, ఓడని తీరానికి ఆనుకుని తిప్పినవాడూ ఒకలాంటివాళ్ళే. కొలతతో భద్రత రాదు. ఇంతకంటే దీనిమీద సమయం వృథా చెయ్యను.

మా ఉర్లా, భన్‌పురీ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ ముత్తాతల్లో ఓడెక్కినవాళ్ళు ఎంతమందో! కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి రంగూన్‌కి డెక్కు టికెట్టు తీసుకుని, మూట తలకింద పెట్టుకుని పోయేవారు. అక్కడ రేవులో బస్తాలు మోశారు, 1930 అల్లర్లలో తన్నులు తిన్నారు, 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక కాలినడకన కొండలు దాటి తిరిగొచ్చారు. వాళ్ళలో ఒక్కడితోనైనా "ఓడే గమ్యం" అని చూడండి. ఈ తరానికి కళింగపట్నంలో రేవు ఉండేదనే తెలియదు. ఫుకెట్‌లో ఏ బజారులో ఏం దొరుకుతుందో తెలుసు.

పోనీ రేవు దూరమా? 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖ మధ్య వందేభారత్ ఉంది. పొద్దున్నే రాయపూర్‌లో ఎక్కితే మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా మధ్యాహ్నానికి విశాఖలో దిగుతాం. 2023లో అక్కడ 96 కోట్లు పెట్టి అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కట్టారు. టెర్మినల్ ఉంది, ఏడాదిలో దానికి ఆనుకునే ఓడలే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా పట్టికల వీరులు దాని గురించి ఎవరినైనా నిలదీశారా? లేదు. రాయపూర్ నుంచి విమానాలు మారి సింగపూర్ పోతారు.

"అన్నిటికీ వంకలు పెడుతున్నారు, మరి మీరే చెప్పండి" అని మా లారీల మిత్రుడు నిలదీశాడు. చెప్పాను. విశాఖ నుంచి అండమాన్‌కి ప్రభుత్వ ప్రయాణికుల ఓడ నడుస్తుంది. ఎం.వి. హర్షవర్ధన లాంటివి ఆ దారిలో తిరిగినవే. ఒకవైపు ప్రయాణమే సుమారు రెండున్నర రోజులు. బంకు నుంచి డీలక్స్ క్యాబిన్ దాకా తరగతులున్నాయి. జారుడు బల్ల లేదు, క్యాసినో లేదు, కార్డు లేదు. దిగితే పోర్ట్ బ్లెయిర్ అనే నిజమైన ఊరు ఉంటుంది (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు), తెలుగులో పలకరించే దుకాణదారులు ఉంటారు, అందరూ కలిసి చూడటానికి సెల్యులార్ జైలు ఉంటుంది. భోజనం అంతంతమాత్రం, బాత్రూములు అంతకంటే అంతంతమాత్రం అని విన్నాను. అయినా సరే.

ఒక్క చిక్కుంది. ఆ ఓడ నెలకి ఎన్నిసార్లు, ఏ తేదీన బయల్దేరుతుందో ముందుగా తెలియడం గగనం. సెలవు పెట్టాలి, రైలు టికెట్లు రెండు నెలల ముందే తీయాలి. మా ఆవిడ ముందు తేదీ తేల్చుకుని రమ్మంది. తేల్చే పనిలోనే ఉన్నాను.