గీజరు ఎక్కడ ఉండాలి?



అమీర్‌పేటలో మా అబ్బాయి ఇంటికి మరమ్మతులు జరుగుతుంటే, పంజగుట్ట నుంచి చూడబోయాను. వంటింటి బాల్కనీలో ఉన్న గ్యాసు గీజరును ఊడదీసి స్నానాలగదిలో పెడదామంటున్నాడు మేస్త్రీ. "పైపు తగ్గుతుంది సార్! కుళాయి తిప్పగానే వేడినీళ్ళు వస్తాయి" అన్నాడు.

అతని మాటలో నిజమెంతో చూద్దామని మా మనవరాలి చేతికి టేపు ఇచ్చాను. గీజరు నుంచి కుళాయి దాకా పైపు 8 మీటర్లు ఉన్నది. అర అంగుళం పైపులో మీటరుకు సుమారు 125 మిల్లీలీటర్ల నీరు పడుతుంది. అంటే మొత్తం ఒక లీటరు. పైపులో చల్లారిన ఆ లీటరు బయటికి పోతేగాని వేడినీరు రాదు. నలుగురు వేరువేరు వేళల్లో స్నానం చేస్తే రోజుకు 4 లీటర్లు, ఏడాదికి 1,460 లీటర్లు! మేస్త్రీ చెప్పింది అబద్ధం కాదు.

"అయితే లోపలే పెట్టిద్దామా తాతయ్యా?" అంది మనవరాలు.

అప్పుడు నాకు మా చిన్ననాటి రాగి బాయిలరు జ్ఞాపకం వచ్చింది. దాని నడుమ ఒక గొట్టం, గొట్టంలో నిప్పులు, చుట్టూ నీళ్ళు. మా అమ్మ దాన్ని ఎన్నడూ పెరట్లోనే రాజేసేది. వానాకాలంలో సైతం ఇంట్లోకి తెచ్చేది కాదు. పొగకు భయపడి అనుకునేవాణ్ణి. అసలు భయం కంటికి కనపడే పొగ గురించి కాదు.

మంట కూడా మనలాగే ప్రాణవాయువును వాడుకుంటుంది. గాలి పుష్కలంగా ఉంటే గ్యాసు పూర్తిగా మండి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అవుతుంది. తలుపులు మూసిన చిన్నగదిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. అప్పుడు మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ముందు తలనొప్పి, కళ్ళు తిరగటం, వికారం. ఆపైన స్పృహ తప్పుతుంది. గడియ వేసుకున్న గదిలో పడిపోతే కేక వేయటానికైనా ఓపిక ఉండదు. కరెంటు గీజరులో మంట లేదు కనుక దానికి ఈ భయం లేదు.

ఇదంతా విని మా అబ్బాయి, "గీజరు బాల్కనీలోనే ఉండనీ" అన్నాడు. మేస్త్రీ తల ఊపి, "సరే సార్, బాల్కనీకి అద్దాలు ఎప్పుడు బిగించమంటారు?" అని అడిగాడు. దుమ్ము రాకుండా బాల్కనీని అద్దాలతో మూయించాలని ముందే అనుకున్నారట!

అందరికంటే ముందు మనవరాలే అందుకున్నది: "అద్దాలు పెడితే అదీ గదే కదా తాతయ్యా! గీజరు కదలకపోయినా గాలి పోతుంది!"

ఏళ్ళతరబడి పాఠాలు చెప్పిన నాకు తోచని మాట అది. అద్దాలు మానుకుని ఇనుప ఊచలు పెట్టించారు. కుళాయి కింద ఒక బకెట్టు వెలిసింది. మొదట వచ్చే చన్నీళ్ళు ఇప్పుడు తులసికీ, మల్లెకూ పోతున్నవి.

మీ ఇంట్లో గీజరు ఎక్కడ ఉందో, దానికి గాలి ఎటునుంచి వస్తుందో చూడండి. దాన్ని మీరు ముట్టుకోవద్దు; చూసింది అమ్మకూ నాన్నకూ చెప్పండి. స్నానం చేస్తూ తల తిరిగినట్టుంటే వెంటనే కుళాయి కట్టి, తలుపు తీసి బయటి గాలిలోకి రండి, పెద్దవాళ్ళను పిలవండి.

పెద్దలకొక మాట: గ్యాసు గొట్టం కదిలించే పని తెలిసినవారి చేతనే చేయించండి. అతుకులకు సబ్బు నురగ పూయించి, బుడగలు వస్తున్నవేమో చూడండి. అగ్గిపుల్లతో మాత్రం పరీక్షించవద్దు.