బూటు ఊడినా మాట ఊడలేదు
కంటితో చూడకుండా, చేత్తో తడమకుండా సరుకుకు ముందే డబ్బు పంపమంటే ఎవరు మాత్రం పంపుతారు? అమెరికాలో క్యాటలాగ్ వ్యాపారాన్ని నిలబెట్టింది నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామన్న పూచీయే. షికాగోలో ఆరన్ మాంట్‌గొమరీ వార్డ్ 1872లో ఒకే కాగితం మీద ధరల పట్టిక అచ్చేసి రైతులకు పంపాడు. మరికొన్నేళ్లకు వాపసు హామీ కూడా జోడించాడు. అలాంటి హామీకి గట్టి పరీక్ష 1912లో మెయిన్ రాష్ట్రంలోని ఫ్రీపోర్ట్‌లో ఎదురైంది. వేట సరదా ఉన్న లియన్ లియన్‌వుడ్ బీన్, అడుగున రబ్బరు, పైన తోలు కలిపి కుట్టిన బూట్లు తయారుచేశాడు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చి వేట లైసెన్సు తీసుకున్నవాళ్ల చిరునామాలు సంపాదించి, కరపత్రాలు పంపి అమ్మాడు. మొదటి 100 జతల్లో 90 జతలు కుట్లు ఊడి తిరిగొచ్చాయి. అందరి డబ్బూ తిరిగిచ్చేసి, అప్పు తెచ్చి, లోపం సరిదిద్ది మళ్లీ అమ్మాడు. అతని సంస్థ ఎల్.ఎల్.బీన్ పేరు అలా నిలిచింది. అదే సంస్థ 2018లో, కాలపరిమితి లేని వాపసును ఏడాదికి కుదించింది. ఏళ్ల తరబడి తొడిగి అరగదీసినవీ, పాత సామాన్ల అమ్మకాల్లో కారుచౌకగా కొన్నవీ తెచ్చి డబ్బులడిగేవాళ్లు ఎక్కువయ్యారు మరి. మాట తప్పారని కంపెనీని తిట్టినవాళ్లున్నారు. నా లెక్కలో తప్పు కొన్నవాళ్లదే. ఆ బూట్ల సోలు అరిగితే డబ్బు తీసుకుని కొత్తది వేసివ్వడం ఆ సంస్థ మానలేదు. మన్నికైన సరుకుకు అసలు పూచీ అదే. ఈసారి ఏదైనా కొనేముందు, వాపసుకు ఎన్నాళ్ల గడువో సరే, పాడైతే బాగుచేస్తారా అని కూడా అడగండి.