పిలిస్తే రాని పిల్లికూన



పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు అంటారు. అలికిడి అయితే చాలు, కూనను మెడపట్టి మరొక చోటికి మోసుకుపోతుంది. మనిషిని చూసి బెదరడం కూన మొదట నేర్చుకునేది ఆ తల్లి దగ్గరే. పుట్టిన 2వ వారం మొదలుకొని 7వ వారం వరకు మనుష్యుల చేతులలో మెలగిన కూన సులువుగా మచ్చికవుతుంది. ఆ రోజులు దాటిపోతే ఇక మచ్చిక కాదని కాదు గాని, చాలా ఓర్పు కావాలి.

గత వర్షాకాలంలో మా పెరట్లో, కట్టెల మోపు వెనుక దొరికిన కూనకు అప్పటికే సుమారు రెండు నెలలు. తల్లి వస్తుందేమోనని ఒక పగలు, ఒక రాత్రి దూరం నుండి కనిపెట్టి చూశాము. రాలేదు. మా వీధిలో కుక్కలు ఎక్కువ, గనుక తువ్వాలు కప్పి పట్టుకుని సామాను గదిలో ఉంచాము. "ముదిరిన కూన ఇల్లు పట్టదురా, ఎందుకీ శ్రమ?" అన్నది మా అమ్మ. ఆమె మాటలో నిజం లేకపోలేదు. మచ్చిక కాని జంతువును ఎల్లకాలం గదిలో పెట్టి ఉంచలేము. బయట వదిలితే కుక్కల పాలవుతుంది.

దాగుకొనుటకు ఒక అట్టపెట్టె, మరొక మూల ఇసుక పోసిన పాత బేసిను, మంచినీళ్ళు, ముళ్ళు తీసిన ఉడికిన చేప కలిపిన అన్నం పెట్టాము. పిల్లి అనగానే గిన్నెడు పాలు పోయడం మన అలవాటు. అయితే తల్లి పాలు మానిన కూనలలో అనేకం ఆవుపాలు అరిగించుకోలేవు, విరేచనాలు అవుతాయి. పశువైద్యుని అడిగి నులిపురుగుల మందు, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాము. ఇట్టి కూన కరచినా, రక్కినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటి క్రింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. చిన్న గీతే గదా అని ఊరుకోరాదు.

ఇక అసలు సంగతి. మా చెల్లెలు కాలం చేసిన తరువాత దాని కూతురు మా ఇంటనే పెరుగుతున్నది. తొమ్మిదేళ్ళ పిల్ల. వచ్చి నాలుగు నెలలైనా, అడిగిన దానికి తల ఊపడమే తప్ప మాట లేదు. కూన ఉన్న గదిలో రోజూ సాయంకాలం గోడకు ఆనుకుని కూర్చునేది. ఒకనాడు నేను వంగి పెట్టెలోనికి తొంగి చూడబోతే, "మామయ్యా, దానివైపు చూడకండి. ఊరకే కూర్చోండి. రావాలనిపిస్తే అదే వస్తుంది" అన్నది. మా ఇంటికి వచ్చాక ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు పలకడం అదే మొదలు.

ఆమె చెప్పినది సరియైన మార్గమే. రెప్పవేయకుండా తేరిచూస్తే పిల్లి దానిని బెదిరింపుగా తీసుకుంటుంది. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో వెల్లడించిన దేమనగా, మనిషి కళ్ళు సగం మూసి నెమ్మదిగా రెప్పలాడిస్తే పిల్లి కూడా బదులుగా అలాగే చేస్తుంది, అట్టి మనిషి చాచిన చేతి దగ్గరకు రావడానికి ఎక్కువ ఇష్టపడుతుంది.

తొమ్మిదవ రోజున కూన మా ఎదుట తిన్నది. మూడు వారాలకు ఆ పిల్ల వేలిని వాసన చూసింది. ఆరు వారాలకు ఆమె పాదాల ప్రక్కన నిద్రపోయింది. మూలనున్న గొడుగు మడతలలో దూరడం దానికి ప్రీతి గనుక దాని పేరు 'గొడుగు' అయింది. నీళ్ళను పంజాతో ముంచుకుని నాకుతుంది. కుక్కర్ కూతకు బెదరదు గాని చీపురు కనబడితే కాలు కాలిన పిల్లే! నేటికీ ఎవరి ఒడిలోనూ కూర్చోదు. మేమూ బలవంతపెట్టము.

ప్రియులారా, తల్లిని కోల్పోయిన బిడ్డ గాని, క్రొత్త కోడలు గాని, ఊరు విడిచి కొడుకు ఇంటికి వచ్చిన ముసలి తండ్రి గాని మీ ఇంట ఉండవచ్చు. "ఇంత చేస్తున్నాము, ఇంకా కలిసిపోరేమి?" అని రోజులు లెక్కపెట్టకండి. నమ్మకం పట్టుకుంటే వచ్చేది కాదు. వేళకు అన్నం పెట్టండి, చెప్పిన మాట నిలుపుకోండి, ప్రక్కన ఊరకే కాసేపు కూర్చోండి. ఎంత దగ్గరకు రావాలో వారినే నిర్ణయించుకోనివ్వండి.