పలకలో ‘వద్దు’ ఏదీ?

మాట రాని పిల్లకు బొమ్మల పలక అలవాటు చేస్తే వచ్చే మాట కూడా రాకుండా పోతుందని మా తాడిపత్రిలో తల్లులకు ఇంకా చెప్తూనే ఉన్నారు. చెప్పేది చదువుకున్నవాళ్ళే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న నా కూతురి విషయంలో నాకూ చెప్పారు. “ఇంకో రెండేళ్ళు నోటితోనే పలికించండమ్మా, ఓపిక పట్టాలి” అని. ఓపిక ఎప్పుడూ తల్లే పట్టాలి! బండల ఫ్యాక్టరీలో పగలంతా పనిచేసి వచ్చిన ఆడమనిషి రాత్రి ‘ప’, ‘బ’ పలికించలేదు కాబట్టే పిల్లకు మాట రాలేదన్నమాట.

దీనికి ఆధారం ఏమిటి? మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు అంతకుముందు వచ్చిన అధ్యయనాలను వడగట్టి 2006లో ఒక సమీక్ష అచ్చువేశారు. గట్టి ఆధారం ఉన్న 27 సందర్భాల్లో బొమ్మలు, సైగల వల్ల మాట తగ్గింది ఒక్కటీ లేదు. 89 శాతంలో ఎంతో కొంత పెరిగింది. ఆ పెరుగుదల ఎక్కువ మందిలో కొద్దిపాటిదే. ఐతే ఏం? అసలు పెరగకపోయినా పిల్ల ఈరోజు ఆకలి ఈరోజు చెప్పుకోవద్దా?

ఆధారాలు అడగడం నాకు ఇష్టమే. పిల్ల చెయ్యి పట్టుకుని అక్షరాలు నొక్కించే పద్ధతిలో వచ్చే మాటలు ఆ చెయ్యి పట్టుకున్నవాళ్ళవేనని 1990లలోనే పరీక్షల్లో తేలింది. అలాంటి పరీక్షలు జరగాల్సిందే. కానీ ఆధారాలతో చేసే వైద్యమంటే పరిశోధన, చికిత్స చేసేవాళ్ళ అనుభవం, ఆ మనిషి ఇష్టాయిష్టాలు, మూడూ కలవాలని వాళ్ళ పుస్తకాలే చెప్తాయి. మూడోదాన్ని ఎవరడిగారు?

మాకు చివరికి ఇచ్చిన పలకలో నీళ్ళు, అన్నం, బాత్రూం, టీవీ, థాంక్యూ ఉన్నాయి. అన్నీ చూసుకునేవాళ్ళకు పనికొచ్చే మాటలు. ‘నొప్పి’ లేదు. ‘నెలసరి’ లేదు. ‘ముట్టుకోకు’ లేదు. శరీరం బొమ్మలో మెడకీ మోకాళ్ళకీ మధ్య ఏమీ లేదు! నోటితో చెప్పలేని సాక్షి సైగలతో చెప్పినా అది నోటి సాక్ష్యమేనని చట్టం అంటోంది. 2013 సవరణ దానికి దుబాసీని, ప్రత్యేక విద్యా నిపుణులను, వీడియోను చేర్చింది. 2024 జూలైలో వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ అది ఉంది. పలకలో లేని మాట మీద పిల్ల వేలు ఎట్లా పెడుతుంది?

‘వద్దు’ బొమ్మ మేమే గీసి అతికించాం. మొదటి వారమంతా వద్దే. మందు వద్దు, జడ వద్దు. ఇంటికొచ్చిన ఒక చుట్టాన్ని చూసి కూడా వద్దే. “మొండితనం పెరిగింది, ఆ బొమ్మ తీసెయ్యండి” అని సలహా ఇచ్చారు. ఏ అధ్యయనం చూసి అంటున్నారో చెప్పమని అడుగుతూనే ఉన్నాను.