గోడ వెనుక నుండి మొర



"అయ్యగారూ, దయ్యాల సినిమాలు చూడొచ్చా?" అని మొన్న యవ్వనస్థుల కూటంలో ఒక తమ్ముడు అడిగాడు. ఊరికే భయపెట్టడానికి తీసినవి వద్దనే చెప్తాను. కానీ ఒక సినిమా మాత్రం నా మనస్సాక్షిని గుచ్చింది. 1999లో డేవిడ్ కెప్ తీసిన ‘స్టిర్ ఆఫ్ ఎకోస్’ అనే ఇంగ్లీషు సినిమా.

అందులో టామ్ చికాగోలో టెలిఫోన్ లైన్‌మ్యాన్. భార్య, చిన్న కొడుకు, అద్దె ఇల్లు. మనలాంటి మామూలు మనిషి. ఒకరోజు హిప్నాటిజం చేయించుకున్నాక ఇంట్లో ఒక అమ్మాయి కనబడటం మొదలవుతుంది. పిచ్చిపట్టినవాడిలా పెరడంతా తవ్వుతాడు. చివరికి నేలమాళిగలో గోడ పగలగొడితే ఆ అమ్మాయి శవం బయటపడుతుంది. ఇల్లు వదిలి పారిపోయిందని అందరూ అనుకున్న పిల్ల! చంపింది ఆ పేట కుర్రాళ్లే. తండ్రులకు తెలుసు, అయినా నోరు మెదపలేదు.

చనిపోయినవారు ఇలా తిరిగొస్తారని నేను నమ్మను. వారిని పిలిపించుకోవడాన్ని వాక్యం నిషేధించింది. కానీ హేబెలు రక్తం నేలలోనుండి దేవునికి మొరపెట్టిందని ఆదికాండము 4వ అధ్యాయంలో ఉంది. చంపినవాడెవరో తెలియని శవం పొలంలో కనబడితే ఏ ఊరు దగ్గరో కొలిచి, ఆ ఊరి పెద్దలే దేవుని ముందు నిలబడాలని ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం చెబుతుంది. అంటే "మాకు తెలియదు" అని తప్పుకునే వీలు ఊరికి లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం, వేరే ప్రాంతంలో, ఒక ఇంటి కోడలు చనిపోతే సమాధి కార్యక్రమం నేనే జరిపించాను. కడుపునొప్పి అన్నారు. ఆ అమ్మాయి తల్లి నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. పెద్దలు తొందరపెట్టారు. నేను ప్రార్థన చేసి ముగించేశాను. ఇప్పుడు ఆ ఇంట్లో దయ్యం ఉందని చీకటిపడితే ఎవరూ అటు వెళ్లరట. నాకు దయ్యమంటే భయం లేదు. ఆ తల్లి ముఖం చూడాలంటేనే భయం.

పోయిన వారం వెళ్లాను. "ఆ రోజు ఏం చెప్పబోయావమ్మా?" అని అడిగాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత చెప్పింది. అది ఇక్కడ రాయను. ఆమె ఎక్కడికి వెళ్లాలన్నా తోడు వస్తానని మాటిచ్చాను.

ప్రియులారా, దయ్యాన్ని వెళ్లగొట్టమని నన్ను పిలుస్తారు, వస్తాను. కానీ ముందు ఒకటి ఆలోచించండి: మన ఊళ్లో మనం మాట్లాడకుండా కట్టేసిన గోడ ఏది? దాని వెనుక ఎవరున్నారు? వినే చెవిని ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.