బాలుర ఆటస్థలములు - శిల్పకళ

1908 మూసీ వరదల పిమ్మట, 1912లో హైదరాబాదునందు సిటీ ఇంప్రూవుమెంటు బోర్డు ఏర్పడి, గాలి వెలుతురులు గల గృహములను నిర్మింప బూనినది. నాటినుండి నగరము విస్తరించి, మలక్‌పేట మొదలు దిల్‌సుఖ్‌నగరము వరకు కాలనీలతో నిండినది. ఇండ్లు పెరిగినవి, బాలుర ఆటకు చోటు తరిగినది. మిగిలిన చోటనైనను జారుడుబల్లయు ఊయలయు దప్ప వేరు కల్పన యరుదు.

అన్యదేశముల శిల్పులు ఈ కొరతను ఏనాడో గుర్తించిరి. 1949లో ఎగాన్ మోలర్ నీల్సన్ స్టాక్‌హోము నగరమున, పిల్లలు ఎక్కి జారుటకు, ఏ జంతువును పోలని శిల్పము నొకదానిని నిలిపెను. ఇసాము నొగుచి 1933లో తలపెట్టిన ఆటకొండను న్యూయార్కు అధికారులు త్రోసిపుచ్చిరి. అమెరికాలో ఆయన క్రీడాస్థలము 1976లో అట్లాంటాయందు గాని వెలయలేదు. 43 ఏండ్లు! బాల్యము అంతకాలము వేచియుండునా?

రూపము తెలియని రాతివలన ప్రయోజన మేమని పెద్దలు శంకింతురు. ఏనుగుబొమ్మ ఎన్నటికిని ఏనుగే. పేరులేని రూపము ఉదయము కోట, సాయంకాలము ఓడ. ఇసుకకుప్పలో గుడి కట్టు బాలునకు ఇది యొకరు బోధింప నక్కరలేదు.

మనకు రాతికి కొదువ లేదు; శిల్పవిద్య గరపు కళాశాలయు నగరముననే కలదు. అంచులు నునుపుగా, క్రింద ఇసుక, పైన చెట్టునీడ యుండునట్లు మలక్‌పేటలో నొక్క ఆటస్థలమునైన శిల్పుల కప్పగింపుడని నగరపాలకులను కోరుచున్నాము.